ఈత రాని కుటుంబం ఫుకెట్‌లో స్నార్కెలింగ్‌కి వెళ్ళాలంటే ఏ దీవి మంచిది?

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్‌లో నలుగురు ఫుకెట్ వెళ్తున్నారు. మీవారికి ఊరి కాలవలో నేర్చుకున్న ఈత వచ్చు. మీకూ, తొమ్మిదేళ్ళ బాబుకీ రాదు. బీపీ మాత్రలు వేసుకునే మీ అత్తగారికి నీళ్ళంటేనే భయం. ఒక రోజు స్నార్కెలింగ్‌కి (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ చేపల్ని చూడటానికి) అట్టేపెట్టుకున్నారు. ఏజెంటు సిమిలాన్ దీవులు అంటున్నాడు, వెళ్ళొచ్చిన స్నేహితులు ఫీఫీ అంటున్నారు. ఈత రాకుండా దిగొచ్చా, దిగితే ఎక్కడ?

దిగొచ్చు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్నంతసేపు స్నార్కెలింగ్‌కి ఈత అక్కర్లేదు. మీ నలుగురికీ సరిపోయేది రాచా యాయ్ దీవి (కొన్ని బోర్డుల మీద రాయా అని కూడా రాస్తారు). సిమిలాన్ ఈసారికి వదిలేయండి. ఫీఫీకి వెళ్ళాలనిపిస్తే ఇంకో రోజు కొండలు చూడటానికి వెళ్ళండి, నీళ్ళలో దిగడానికి కాదు. దీవి ఏదైనా సరే, ముందురోజు సాయంత్రం హోటల్ పూల్‌లో ఒక గంట గొట్టంతో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి. దీవి ఎంపిక కంటే ఇదే ముఖ్యం.

తెలుగు కుటుంబాలను గ్రూపులుగా థాయ్‌లాండ్ తీసుకెళ్ళడం నా పని. ఫుకెట్ బాగా అలవాటైన చోటు. ఇన్నేళ్ళలో గమనించినదేమిటంటే, నీళ్ళలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈత రానివాళ్ళు కాదు, సగం ఈత వచ్చినవాళ్ళు. రానివాళ్ళు జాకెట్ బెల్టు రెండుసార్లు చూసుకుంటారు, గైడు పక్కనుంచి కదలరు. "నేను గోదాట్లో పెరిగినవాణ్ణండీ" అంటూ జాకెట్ విప్పి పడవలో పడేసిన ఒకాయన పది నిమిషాలకల్లా ఆయాసంతో పడవ నిచ్చెన పట్టుకుని వేలాడాడు. ఆయనకి ఈత రాక కాదు. ముక్కు మూసేసి నోటితో మాత్రమే గాలి పీల్చడం ఒంటికి కొత్త. దానికి తోడు ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి, కాళ్ళకి ఫిన్స్ (తొడుక్కునే రబ్బరు రెక్కలు) బరువు. మీవారికి కూడా ఈ మాట చెప్పండి. ఆయన కూడా జాకెట్ వేసుకోవాల్సిందే.

ఇక దీవుల సంగతి. మీ గుంపులో అందరికంటే భయస్తులెవరో, వాళ్ళకి ఏది వీలో అదే అందరికీ దీవి. మీ విషయంలో అది మీ అత్తగారు.

సిమిలాన్ నిజంగానే గొప్ప చోటు. నీళ్ళు అద్దంలా ఉంటాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆ పడవలు బయల్దేరేది ఫుకెట్ నుంచి కాదు. పైన ఫాంగ్‌ఙా జిల్లాలోని థాప్ లాము రేవు దాకా వ్యాన్‌లో వెళ్ళాలి, హోటల్ దగ్గర తెల్లవారకముందే ఎక్కించుకుంటారు. అక్కడి నుంచి నడి సముద్రంలో స్పీడ్‌బోట్ మీద మళ్ళీ గంట పైన. తిరుగుప్రయాణం కూడా అంతే. చీకటితో లేచిన పిల్లవాడు, నడుం పట్టేసిన పెద్దావిడ, ఆ పైన పడవలోంచి లోతు నీళ్ళలోకి దిగడం! జంటగా వెళ్ళేవాళ్ళకైతే నేనే సిమిలాన్ పొమ్మంటాను, మీకు చెప్పను. అది జాతీయ పార్కు కాబట్టి విదేశీ పెద్దవాళ్ళకి తలకి 500 బాట్ల (బాట్ థాయ్ కరెన్సీ) ప్రవేశ రుసుం కూడా ఉంది. 2018 నుంచి రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టారు, రాత్రి బస తీసేశారు. డిసెంబర్ చివర్లో అప్పటికప్పుడు టికెట్ దొరకడం కష్టం.

ఫీఫీ గురించి మన స్నేహితులు చెప్పేదంతా ఫోటోల గురించే అయి ఉంటుంది. అక్కడి మాయా బే తీరం అందంగానే ఉంటుంది. కానీ అక్కడ ఈత కొట్టనివ్వరు. జనం తాకిడికి పగడాలు పాడైపోతే 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పడవలు వెనకవైపు లో సామా అనే చోట ఆగుతాయి, అక్కడి నుంచి నడిచి వెళ్ళాలి. బీచ్‌లో కాళ్ళు తడుపుకోవచ్చు, అంతే. ఏటా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పూర్తిగా మూసేస్తారు. స్నార్కెలింగ్ చేయించేది దారిలో వేరే చోట్ల, చాలావరకు పడవలోంచి నేరుగా దిగాలి. ఒక్క రోజులో అయిదారు చోట్లు తిప్పుతారు కాబట్టి నీళ్ళలో ఉండేది అరగంట, ముప్పావు గంట. అలవాటు పడేలోపే విజిల్ వేసి పైకి పిలుస్తారు. ఇక్కడ పార్కు రుసుం పెద్దవాళ్ళకి 400, పిల్లలకి 200 బాట్లు. చాలా ప్యాకేజీల్లో ఇది కలపరు, రేవులో విడిగా అడుగుతారు. బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి.

రాచా యాయ్ ఫుకెట్‌కి దక్షిణాన ఉంది. చలోంగ్ రేవు నుంచి స్పీడ్‌బోట్‌లో అరగంట, నలభై నిమిషాలు. పటోక్ అనే తీరం గుర్రపునాడాలా లోపలికి వంగి ఉంటుంది, తెల్లటి మెత్తటి ఇసుక. నేను మీకు ఇది చెప్పడానికి అసలు కారణం, ఇక్కడ ఇసుక మీద నడుస్తూ నీళ్ళలోకి దిగొచ్చు. నడుం లోతులో నిలబడి, ముఖం మాత్రం ముంచి చూసి, నచ్చితే ముందుకి వెళ్ళొచ్చు, నచ్చకపోతే వచ్చి చెట్టు కింద కూర్చోవచ్చు. పడవ అంచు మీంచి దూకేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. చేపలు ఇసుక మధ్యలో కాదు, తీరానికి రెండు పక్కలా రాళ్ళుండే చోట ఉంటాయి. మరో సంగతి, డిసెంబర్‌లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పటోక్ ఉన్నది దీవికి పడమర వైపు. దీవే గాలికి అడ్డంగా ఉంటుంది కాబట్టి నీళ్ళు కదలకుండా ఉంటాయి. అదే వర్షాకాలంలో వెళ్తే కెరటాలు తిన్నగా అదే ఒడ్డుకి కొడతాయి.

ఇంకా దగ్గరగా కోరల్ ఐలాండ్ అని ఒకటి ఉంది, అక్కడి పేరు కో హే. చలోంగ్ నుంచి పావుగంట. పారాసెయిలింగ్, బనానా బోట్లు (అరటిపండు ఆకారంలో గాలి నింపిన పడవలు), విపరీతమైన జనం. పూటలో తిరిగొచ్చేయాలంటే సరే, చేపల కోసం అయితే నేను పంపను.

ఇప్పుడు పూల్‌లో గంట ఏం చెయ్యాలో చెప్తాను.

ముందు మాస్క్. పట్టీ తలకి తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చెయ్యి వదిలేయండి. మాస్క్ ముఖానికి అతుక్కుని ఉండిపోతే అది మీ సైజు. జారిపోతే ఇంకోటి అడగండి. పట్టీ గట్టిగా బిగిస్తే నీళ్ళు రావని చాలామంది అనుకుంటారు. ఎక్కువ బిగిస్తే రబ్బరు అంచు వంకర తిరిగి అక్కడి నుంచే కారుతుంది. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా చాలు, నీళ్ళు వస్తాయి. ఆడవాళ్ళు నుదుటి మీద జుట్టు మొత్తం వెనక్కి లాగి కట్టుకోండి, బొట్టు బిళ్ళ తీసేయండి. మీవారికి మీసం ఉంటే ముక్కు కింద కాస్త వాజిలిన్ రాసుకోమనండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఒక మాట: చలోంగ్ చుట్టుపక్కల డైవింగ్ షాపుల్లో పవర్ ఉన్న మాస్కులు అద్దెకి దొరుకుతాయి, మీ నంబర్ చెప్పి ముందే అడగండి. కాంటాక్ట్ లెన్సులతో సముద్రంలో దిగవద్దని కంటి డాక్టర్లు చెప్తారు.

తర్వాత గొట్టం. రబ్బరు అంచు పెదాలకీ పళ్ళకీ మధ్య ఉండాలి, లోపలి రెండు మొటికల్ని పళ్ళతో ఊరికే పట్టుకోవాలి. గట్టిగా కరిస్తే పావుగంటలో దవడ నొప్పి పుడుతుంది. నీళ్ళలో ముఖం పెట్టకుండానే, మెట్ల మీద కూర్చుని రెండు నిమిషాలు నోటితో ఊపిరి తీసుకోండి. అప్పుడు ముఖం ముంచండి. ఆ క్షణంలో ఊపిరి దానంతటదే ఆగిపోతుంది, అందరికీ అంతే. బలవంతంగా బయటికి వదలండి, లోపలికి దానంతటదే వస్తుంది. నిదానంగా, పొడుగ్గా తీయాలి. పైపైన గబగబా పీలిస్తే గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్ళీ లోపలికి వెళ్తుంది, ఇంకా ఆయాసం వస్తుంది.

తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్ళు రానివ్వండి. తల కొంచెం ముంచితే నిండుతుంది. "తూ" అన్నట్టు ఒక్క ఊపులో గట్టిగా ఊదితే పైనుంచి చిమ్ముకుంటూ పోతాయి. బాబు చేత ఇది పందెం కాయించండి, పిల్లలు రెండోసారికే నేర్చేసుకుంటారు. సముద్రంలో చిన్న అల వచ్చి గొట్టంలో పడినప్పుడు ఈ ఒక్కటి తెలిసినవాడు ఊది ముందుకి సాగిపోతాడు, తెలియనివాడు మాస్క్ పీకేస్తాడు.

చివరిది, నీళ్ళలో భయం వేసినప్పుడు చెయ్యాల్సిన పని. భయపడినవాళ్ళు నిటారుగా లేవబోతారు. తల పైకెత్తి, సైకిలు తొక్కినట్టు కాళ్ళు కిందికి కొడతారు. జాకెట్ తేలుస్తూనే ఉన్నా అది నమ్మరు, అలిసిపోతారు. దానికి బదులు వెల్లకిలా తిరగండి. గొట్టం నోట్లోంచి తీసేయండి, ఆకాశం చూస్తూ పడుకోండి, ఒక చెయ్యి ఎత్తి ఊపండి. ఎత్తి ఊపే చెయ్యి అంటే సాయం కావాలని పడవవాళ్ళకి తెలుసు. అందుకే సరదాకి కూడా అలా చెయ్యి ఊపకూడదు. బోర్లా నుంచి వెల్లకిలా తిరగడం పూల్‌లో జాకెట్‌తోనే నలుగురూ చేసి చూడండి. జాకెట్ల కోసం హోటల్ రిసెప్షన్‌లో అడగండి, కొన్నిచోట్ల ఉంచుతారు.

జాకెట్ గురించి కూడా. వదులుగా ఉంటే నీళ్ళలో దిగగానే చెవుల దాకా లేచిపోతుంది, ముఖం కిందికి పెట్టనివ్వదు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, గడ్డానికి తగిలిందంటే ఇంకా బిగించాలి. కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పక తగిలించండి. బాబుకి పిల్లల సైజు జాకెట్, పిల్లల మౌత్‌పీస్ (గొట్టంలో నోట్లో పెట్టుకునే ముక్క) కావాలని బుకింగ్ అప్పుడే రాయించండి. రేవులో అడిగితే చేతికి దొరికింది ఇచ్చేస్తారు. పెద్దవాళ్ళ మౌత్‌పీస్ పిల్లల నోటికి పట్టదు, పక్కలనుంచి నీళ్ళు పోతాయి. ముఖం మొత్తం కప్పే మాస్కులు ఈ మధ్య ఆన్‌లైన్‌లో బాగా అమ్ముతున్నారు. నోట్లో ఏమీ పెట్టుకోనక్కర్లేదని భయస్తులు వాటికే మొగ్గుతారు. నేను వద్దంటాను. సరిగ్గా తయారుకాని వాటిలో వదిలిన గాలి లోపలే తిరుగుతుంది, ఇబ్బంది అయినప్పుడు ఉమ్మేసినంత తేలిగ్గా వదిలించుకోలేరు.

మీ అత్తగారి సంగతి. స్నార్కెలింగ్‌లో ప్రాణాలు పోయిన కేసుల్లో గుండె జబ్బు ఉన్న పెద్దవయసువాళ్ళు ఎక్కువ కనబడతారు. బీపీ అదుపులో ఉందా, నీళ్ళలో దిగొచ్చా అని బయల్దేరేముందు ఆవిడ డాక్టర్నే అడగండి. సరే అంటే, ఆవిడని పడవలోంచి దించకండి, పటోక్ ఒడ్డు నుంచే దించండి. గైడు లాక్కెళ్ళే గుండ్రటి ట్యూబు చాలా పడవల్లో ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ముఖం ముంచితే చాలు, లాగేది ఆయనే. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇలాగే మొదటి రోజు "నేను చెప్పులు కాపలా కాస్తాను" అని ఒడ్డునే కూర్చున్నారు. మనవరాలు లాక్కెళ్ళి ట్యూబు పట్టించింది. నీళ్ళలో ఒక నల్లచారల చేప ఆవిడ మాస్క్ ఎదురుగా వచ్చి నిలబడితే గొట్టంలోంచే "ఒసేయ్, ఇది నన్నే చూస్తోందే" అని అరిచారు, అది ఒడ్డుదాకా వినబడింది. ఆ తర్వాత బయటికి రప్పించడమే కష్టమైంది. అలాగని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆవిడకి ఇష్టం లేకపోతే ఆ తీరంలో నీడ ఉంది, కుర్చీలు అద్దెకి దొరుకుతాయి.

బట్టల విషయంలో మనవాళ్ళు మొహమాటపడుతుంటారు. పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ళ కింది దాకా లెగ్గింగ్స్ వేసుకోండి, ఎవరూ వింతగా చూడరు. పైగా బోర్లా తేలుతున్నంతసేపు ఎండ కొట్టేది వీపుకీ, పిక్కలకీ. నీళ్ళ చల్లదనానికి తెలియదు, రాత్రికి పడుకోలేరు. చున్నీ, చీర మాత్రం వద్దు, నిచ్చెనకి చుట్టుకుంటాయి.

ఒంటిని కప్పుకుంటే సన్‌స్క్రీన్ కూడా తక్కువ పడుతుంది. థాయ్‌లాండ్ 2021 ఆగస్టులో సముద్ర జాతీయ పార్కుల్లో పగడాలకి హాని చేసే నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్లని నిషేధించింది, జరిమానా లక్ష బాట్ల దాకా ఉంది. మన దగ్గర కొన్న ట్యూబు వెనక ఆక్సీబెంజోన్ అనో బెంజోఫినోన్-3 అనో, ఆక్టినాక్సేట్ అనో ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అనో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచి, జింక్ ఆక్సైడ్‌తో చేసినది తీసుకోండి. రాచా పార్కు కిందికి రాదు, అయినా పగడానికి ఆ తేడా తెలియదు కదా.

స్పీడ్‌బోట్‌లో వెనక వరసలో కూర్చోండి. ముందు వైపు గాలి బాగుంటుందని కుర్రాళ్ళు ఎగబడతారు, కానీ అల మీద పడవ ఎగిరి పడ్డప్పుడల్లా వెన్నుకి తగిలేది అక్కడే. గర్భిణులని చాలా పడవల్లో ఎక్కించుకోరు, ఇందుకే. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ఎవోమిన్ లాంటి మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పని చెయ్యదు. దానితో మత్తుగా ఉంటుంది కాబట్టి బీపీ మందులతో కలిపి వేసుకోవచ్చా అని అత్తగారి డాక్టర్‌ని అదే రోజు అడిగేయండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, హోటల్ బఫే మొత్తం లాగించీ వెళ్ళొద్దు.

నీళ్ళలో పట్టించుకోవాల్సినవి రెండే. నల్లటి పొడవాటి ముళ్ళతో సీ అర్చిన్లు రాళ్ళ సందుల్లో ఉంటాయి. రాళ్ళు కనబడే చోట కాలు కింద పెట్టకండి. ముల్లు లోపల విరిగితే పొడిచి తీయబోకుండా డాక్టరుకి చూపించండి. జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు, వెనిగర్ పోయాలి. ఎక్కే ముందు "వెనిగర్ ఉందా" అని గైడుని అడగండి. ఉందని వెంటనే చూపించే పడవ మిగతావాటిలో కూడా శ్రద్ధగానే ఉంటుంది, నా లెక్కలో అదొక పరీక్ష. చేపలకి బ్రెడ్ వెయ్యమని పడవవాళ్ళు ముక్కలు చేతికిస్తారు. తీసుకోవద్దు. పార్కుల్లో అది నిషేధం, పైగా ఆ చారల చేపలు గుంపుగా వచ్చి వేళ్ళు కొరుకుతాయి, బాబు జడుసుకుంటాడు.

భోజనం దీవి మీదే, థాయ్ బఫే. శాకాహారులైతే "వెజ్" అంటే సరిపోదు, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. "జే" అని చెప్పండి, మాంసం, చేప, గుడ్డు ఏదీ తగలనిది అని వాళ్ళకి అర్థమవుతుంది. అయినా పులిహోర పొట్లం ఒకటి సంచిలో ఉంటే నిశ్చింత.

ఇదే ప్రశ్నతో వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఇదొకటి. మే నడిమి నుంచి అక్టోబర్ దాకా ఫుకెట్ వైపు నైరుతి గాలి, సముద్రం పోటు మీద ఉంటుంది. సిమిలాన్‌ని మే 16 నుంచి అక్టోబర్ 14 వరకు మూసే ఉంచుతారు. 2018 జూలైలో ఇక్కడే ఫీనిక్స్ అనే పర్యాటక పడవ తుఫాను గాలికి మునిగి 47 మంది చైనా యాత్రికులు చనిపోయారు. జూన్, జూలైలలోనే వెళ్ళాల్సి వస్తే అటు తూర్పున సముయి, కో తావ్ దీవుల వైపు వెళ్ళండి, ఆ నెలల్లో అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. రేవులో ఆ రోజు పడవలు వద్దంటే డబ్బు కోసం బేరం పెట్టకండి, వాతావరణం వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. వీధి చివర బల్ల వేసుకుని అమ్మేవాళ్ళ రేట్లకీ, హోటల్ రేట్లకీ తేడా ఉంటుంది. ఎక్కడ కొన్నా రసీదు మీద టూరిజం లైసెన్స్ నంబర్, ఇన్సూరెన్స్ వివరం ఉండాలి.

ఫోను నీళ్ళలోకి తీసుకెళ్ళొచ్చా అని చివర్లో అడిగారు. పౌచ్‌లో పెట్టి మెడలో వేసుకోవచ్చు. కానీ ముందు అందులో ఫోన్ బదులు టిష్యూ కాగితం పెట్టి, పూల్‌లో ప్రాక్టీస్ చేసే ఆ గంటసేపూ మెడలోనే ఉంచుకోండి. కాగితం పొడిగా ఉంటేనే మర్నాడు ఫోన్ పెట్టండి. మొదటి పదిహేను నిమిషాలు మాత్రం ఎవరూ ఫోన్ తీయకండి, మీ రెండు చేతులూ బాబు కోసం ఖాళీగా ఉండాలి.